పనసనాడు ఓట్లు చూడటానికి పాకాల దాకా

ఎనభైల మొదట్లో నేను తిరుపతిలో బడుల తనిఖీ కార్యాలయంలో గుమాస్తాను. ఒక రోజు మా ఇన్‌స్పెక్టరు సంతకం లేని ఉత్తరం ఒకటి నా చేతికిచ్చాడు. పాకాల దగ్గరి పల్లెలో మునిరత్నం అనే మాస్టరు లేని దేశమొకటి కల్పించి, దాని పేరుతో ఏడో తరగతి పిల్లలకు రాజకీయాలు నూరిపోస్తున్నాడని, పంచాయతీ ఎన్నికల ముందు ఊళ్ళో తగాదా రేపుతున్నాడని అందులో ఉంది. నువ్వెవరో చెప్పకుండా చూసి రా, నిజమైతే అతని ఉద్యోగం సంగతి నేను చూస్తాను అన్నాడు ఇన్‌స్పెక్టరు. పేరు రాయడానికి జంకిన మనిషి మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. అలాగని మాస్టరునూ నమ్మలేదు.

మర్నాడు ఉదయం ఏడు గంటల ప్యాసింజరు ఎక్కాను. అప్పుడది చిన్న పట్టాల లైను, బొగ్గు ఇంజను. చంద్రగిరి దాటాక బండి ఎంత నెమ్మదిగా పోయేదంటే, పాకాల చేరేసరికి తొమ్మిది దగ్గరపడింది. టికెట్టు రెండు రూపాయల లోపే. స్టేషను బయట ఇడ్లీలు అమ్మే ఆవిడను ఆ పల్లెకు దారి అడిగితే, ఆవిడ ఇడ్లీ పెట్టడం ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. మూడు మైళ్ళు, జట్కాలో ముప్పావు గంట అని చెప్పి, ఆ ఊళ్ళో ఇప్పుడు కొత్తవాళ్ళతో ఎవరూ మాట్లాడటం లేదని కూడా చెప్పింది.

సగం దారి దాటాక జట్కా ఆయన ఎవరింటికని అడిగాడు. బడులకు దేశపటాలు అమ్ముతానని ముందే అనుకున్న అబద్ధం చెప్పాను.

“పటాలమ్మేవాడివైతే పటాలు యాడప్పా? సంచిలో టిఫిను డబ్బా తప్ప ఏమీ లేదే,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ఆర్డరు తీసుకోవడానికి వచ్చానని సర్దుకున్నాను. ఆయన నమ్మలేదు. వాగు వంపు దగ్గర మూడు బావులు వరసగా ఉన్నాయి. వాటికవతల, ఊరికి దూరంగా ఒకే ఒక్క వీధి. అది ఎవరిదని అడిగితే హరిజనవాడ అని ముక్తసరిగా చెప్పి గుర్రాన్ని అదిలించాడు.

మునిరత్నం మాస్టరుకు నలభై ఏళ్ళుంటాయి. నా అబద్ధం విని బడి వరండాలో కుర్చీ వేయించాడు. అక్కడ నేలమీద సుద్దముక్కతో పెద్ద పటం గీసి ఉంది. దేశం పేరు పనసనాడు. ఐదు నియోజకవర్గాలు, ఒక్కోదానిలో తొమ్మిదిమంది పిల్లలు కూర్చున్నారు. రెండు పార్టీలు, చింతగింజ పార్టీ, కానుగగింజ పార్టీ. ఎవరికి ఏ గింజో మాస్టరే చూసి ఇచ్చాడు. అక్కడే నాకు అనుమానం గట్టిపడింది.

పిల్లలు గింజలు కుండల్లో వేశారు. లెక్క తేలింది. చింతగింజలు ఇరవై ఐదు, కానుగగింజలు ఇరవై. అయినా మూడు నియోజకవర్గాల్లో తొమ్మిదింట ఐదు గింజలతో కానుగ గెలిచింది. చింతకు రెండే దక్కాయి. పిల్లలు గోల చేశారు. మాస్టరు గింజలన్నీ ఒకే చేటలో పోయించాడు. ఇప్పుడు గీతలు లేవు, దేశమంతా ఒకటే, తొమ్మిది గింజలకు ఒక సీటు అన్నాడు. రెండు పార్టీలకూ రెండేసి సీట్లు వచ్చాయి. చింతకు ఏడు గింజలు మిగిలాయి, కానుగకు రెండు. ఎక్కువ మిగిలినవాళ్ళదే ఐదో సీటు. ఈసారి చింతకు మూడు, కానుగకు రెండు.

పాఠం బాగానే ఉంది. కానీ నేను పటాన్ని చూస్తున్నాను. అందులో ఒక వాగు వంపు, మూడు బావులు, వాటికవతల జాలరివీధి అనే వీధి ఉన్నాయి. ఆ వీధిలో కూర్చున్న పిల్లలు పన్నెండుమందివీ చింతగింజలే. నియోజకవర్గాల గీతలు ఆ వీధిని మూడు ముక్కలు చేసి, నలుగురేసి చొప్పున మూడు వైపులకు పంచేశాయి.

సలోమి అనే పిల్ల లేచి నిలబడింది. “సార్, ఈ గీత మా ఈది మజ్జలో పోతాది. మేమంతా ఒకే తావున ఉంటే ఒక సీటు మాదే కదా?”

జాలరివీధి అనలేదు, మా ఈది అంది. మాస్టరు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. నా వైపు చూశాడు. నేనెవరో ఆయనకు అప్పటికే తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

మధ్యాహ్నం గంట కొట్టగానే నేను పంచాయతీ ఆఫీసుకు నడిచాను. గోడమీద కొత్త వార్డుల జాబితా అంటించి ఉంది. ఇంటి నంబర్లు ఒక్కొక్కటే చదివాను. హరిజనవాడలోని ఆ ఒక్క వీధి మూడు వార్డుల్లో ఉంది. ఆక్షేపణలకు ఇంకా నాలుగు రోజులు గడువుంది. వెనక నుంచి ఎవరో, ఎవరు కావాలని అడిగారు. ఎవరూ వద్దని చెప్పి వచ్చేశాను. బడి దాకా ఆ మనిషి నా వెనకే నడిచాడు.

మాస్టరుకు నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పేశాను. పనసనాడు ఈ ఊరేనా అని అడిగాను.

“ఈ ఊరే సార్. ఆ గీతలు నేను గీసినవి కాదు, గోడమీద ఉండేవే. ఈది పేరు ఒకటి మార్చినాను, అంతే. ఉత్తరం ఎవురు రాసినారో నాకు తెలుసు. మీరేం రాస్తారో అదే తెలీదు,” అన్నాడు.

ఆ సాయంత్రం బండిలో తిరిగి వస్తూ చాలాసేపు ఆలోచించాను. ఆ పాఠం ఆయన కావాలనే చెప్పాడు, అందులో సందేహం లేదు. అబద్ధం మాత్రం చెప్పలేదు. పాఠం ఊహాదేశం గురించి, గీతలు అందరూ చూడగల గోడమీదివి, నిజమైన ఏ పార్టీ పేరూ వినలేదు అని రాసిచ్చాను. ప్రతి మాటా నిజమే. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు చదివి, ఆ ఊళ్ళో నీకు చుట్టాలున్నారా అని అడిగాడు.

సస్పెన్షను రాలేదు కానీ, సంక్రాంతి లోపలే మునిరత్నాన్ని మదనపల్లె అవతలికి బదిలీ చేశారు. అక్కడినుంచి నాకొక కార్డు రాశాడు. ఆ వీధివాళ్ళు గడువు లోపలే ఆక్షేపణ పెట్టారట. అర్జీ సలోమి రాసిందట, పెద్దలు వేలిముద్రలు వేశారట. ఒక అధికారి వచ్చి చూసి, వీధి మొత్తాన్ని ఒకే వార్డులో కలిపాడట.

ఆ తర్వాత ఎన్నో ఎన్నికలు చూశాను. ఫలితం రాగానే అందరూ ఎవరు గెలిచారని అడుగుతారు. నా చూపు మాత్రం ముందు హద్దుల మీదికి పోతుంది. ఆ కార్డులో మునిరత్నం బదిలీ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆయన ఇంటిని, పిల్లల చదువును మోసుకుని ఊరు మారాడు. నేను ఇంకా గట్టిగా రాసి ఉంటే ఆ బదిలీని ఆపగలిగేవాణ్ణేమో, ఇప్పటికీ తెలియదు.

అటువైపు వెళ్ళేవారికి ఒక్క మాట: పాకాలలో దిగగానే తిరుగు బండి వేళ కనుక్కోండి. పల్లె దారిలో సాయంత్రం ఐదు దాటితే వాహనం దొరకడం కష్టం.