ఉతికిన గోనెబాతులు

మా చిన్నాయన పెళ్లికాకముందు గోనెపట్టతో బాతులు చేసి చెరువులో వదిలేవాడట. వాటిని చూసి ఆకాశాన పోయే బాతులు కిందికి దిగేవట. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. కాటన్‌పేటలో మాది గోనెసంచుల అంగడి. సంచుల మధ్యే పుట్టి పెరిగినవాళ్లం, ఏ సంచీ ఏ పక్షినీ పిలవగా చూడలేదు. అందుకే ఎవరైనా కోతలు కోస్తే "ఇదీ గోనెబాతు కథేలే" అనడం మాకు అలవాటైపోయింది. ఆయన ఎదుటే అనేవాళ్లం. నేనూ అన్నాను.

పోయిన చలికాలం ఆయన కొన్నాళ్లుండటానికి మా ఇంటికి వచ్చాడు. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో నేను సరుకు తనిఖీ చేస్తాను. దగ్గర్లోనే అమ్మా నేనూ ఉంటాం. ఇంటి వెనక చెరువు పూడిక తీశాక నీళ్లు నిండాయి గానీ బాతులు మాత్రం పైనుంచి పైనే పోతున్నాయి. చిన్నాయన రోజూ మిద్దె మీద నిలబడి వాటినే చూసేవాడు.

"దిగవు పాపా. కింద తమవాళ్లు ఉండారనుకుంటేనే దిగేది," అన్నాడు ఒకరోజు.

"అయితే చేద్దాం చిన్నాయనా. నిజమో కాదో తేలిపోతుంది," అన్నాను. నాకు దేన్నైనా విప్పి చూస్తే తప్ప నమ్మకం కుదరదు.

అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పాడు. వేట ఇప్పుడు నేరం గానీ, అప్పట్లో తుపాకులతో వచ్చే పెద్దమనుషులకు అది సరదా. వాళ్ల కోసమే ఆయన బాతులు చేసేవాడు.

"నా బాతుల్ని నమ్మి దిగినాయి, తుపాకీకి పడినాయి. దిగేది శానాసార్లు చూసినా. వాటంతట అవి లేచిపొయ్యేది ఒక్కసారీ చూళ్లే. కండ్లు బాగుండంగానే అది చూడల్ల."

ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఫ్యాక్టరీలో యంత్రాల భాగాలకు చుట్టి వచ్చే ఫోమ్ ముక్కలు పారేస్తారు. అడిగి, స్కూటర్ మీద రెండు మూటలు తెచ్చాను. చిన్నాయన ముక్కలు రెండేసి అతికించి, రంపం బ్లేడుతో వీపూ తోకా చెక్కాడు. మొదటి బాతు బకెట్లో పెట్టగానే వెల్లకిలా పడింది. నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వకుండా పొట్ట కింద ఒక ఇనప నట్టు కట్టాడు, అది నిటారుగా తేలింది.

బాతు పొట్ట నీళ్లలో ఎంత మునగాలి? మెడ ఎందుకు కుదించాలి? నా ప్రశ్నలకు అంతు లేదు. "అన్నీ తలెత్తి చూస్తా ఉంటే బెదిరినాయని అర్థం. కొన్ని నిద్రపోవల్ల," అన్నాడు. నేను మూడింటి తలలు వీపు మీదికి తిప్పాను.

గోనెపట్ట అంగడి నుంచే వచ్చింది, ఖాళీ మిరపకాయల సంచులు. మా ఇంట్లో ఒక నియమం ఉంది, అంగడి గుడ్డ ఏదైనా ఉతక్కుండా గడప దాటి లోపలికి రాకూడదు. అమ్మ వాటిని సబ్బుపొడిలో నానబెట్టి, బండకేసి బాది, ఎండబెట్టి ఇచ్చింది. ఫోమ్ మీద బంక పూసి పట్ట చుట్టాం, దబ్బనం పట్టి పురికొసతో కుట్టాం. రెక్కల మీద బొగ్గుపొడి రుద్దాం. ఎనిమిది బాతులు తయారయ్యాయి.

చెరువు కాపలాదారు మా దగ్గర వలా ఉచ్చూ లేవని చూసుకుని, మధ్యాహ్నానికల్లా ఏరుకుపోవాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. పొద్దున్నే, కొట్టుకుపోకుండా తాళ్లతో రాళ్లు కట్టి వదిలాం. ఒక గుంపు వచ్చింది, రెండు చుట్లు తిరిగింది, పైకి పోయింది. నాలుగు రోజులూ అదే వరస. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, దాంతోపాటు ఈ బాతులూ పోతాయి. ఐదోరోజు అమ్మ వంటింట్లో "గోనెబాతు కథ" అని గొణిగింది. చిన్నాయన విన్నాడు. మర్నాటి ప్రయాణానికి బట్టలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.

నాకు అమ్మ మీద కోపం వచ్చింది, అంతకంటే ఆ బాతుల మీద వచ్చింది. లోపం ఎక్కడో తేలాల్సిందేనని ఒకదాన్ని ఫ్యాక్టరీకి తీసుకుపోయాను. అక్కడ సన్న పగుళ్లు చూడటానికి అతినీలలోహిత కాంతి వేసే ఊదారంగు దీపం ఒకటి ఉంది. దాని కింద పెట్టగానే బాతు రంగుదీపాల కింద పెళ్లికొడుకు తెల్లచొక్కాలా నీలంగా మెరిసింది. బట్టలు తెల్లగా కనబడాలని సబ్బుపొడిలో కలిపే తెలుపు మందు! మన కంటికి ఆనని ఆ మెరుపు బాతుల కంటికి ఆనుతుందేమో.

ఇంటికొచ్చి చెప్పాను. "ఉతక్కుండా ఇంట్లోకెట్లా తెచ్చేది?" అంది అమ్మ.

చిన్నాయన అప్పుడు నవ్వాడు. "ఆ కాలంలో సంచి ఉతికిందెవురు వదినా? దులిపి చుట్టేస్తా ఉంటిమి."

నియమం తప్పకుండా, ఉతకని సంచులను బయటి మెట్ల మీదుగా మిద్దెకే చేర్చాం. అమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని, తుమ్ముతూ, ఎనిమిదింటికీ కొత్త పట్ట తనే కుట్టింది.

మళ్లీ వదిలిన రెండోరోజు పొద్దున గుంపు వచ్చింది. ఒక చుట్టు తిరిగి, కాళ్లు ముందుకు చాచి మా బాతుల పక్కనే వాలింది. నేను సంతోషంగా చిన్నాయన వైపు తిరిగాను. ఆయన రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

ఇరవై నిమిషాలపాటు అలాగే కూర్చున్నాడు. బాతులు మునిగాయి, ఈకలు సవరించుకున్నాయి, ఒకటి మా గోనెబాతును ముక్కుతో పొడిచి చూసింది. నేను ఎన్నిసార్లు ఆయన్ని ఎగతాళి చేశానో గుర్తొచ్చి సిగ్గేసింది. చివరికి ఏ చప్పుడూ లేకుండానే, వాటికి పోవాలనిపించినప్పుడు, బాతులు లేచాయి. చిన్నాయన పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టాడు.

"పదకొండు దిగినాయి పాపా," అన్నాడు, చెవుల మీది చేతులు తీసి. "పదకొండూ పొయినాయి."