మొదటి వరుసలో ఖాళీ

నిన్న పంజాగుట్ట మెట్రోలో నా పక్కన నిలబడ్డ పెద్దాయన దగ్గర అత్తరు వాసన వచ్చింది. అమీర్‌పేట గల్లీలోని మా పాత ఇల్లు కళ్లముందు నిలిచింది. మీ ఇళ్లలోనూ ఉండేవి కదా, తాతల చెవి మడతలో అత్తరు దూది, గూట్లో నమాజు చదివే జానమాజ్ చాప, ఇత్తడి లోటా?

నాకప్పుడు ఆరేళ్లు. అమ్మ డ్యూటీకి వెళ్లింది. ఇంట్లో నేనూ, అమ్మవాళ్ల నాన్న, మా నానా ఉన్నాం. సాయంత్రం అసర్ నమాజుకు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటూ నానా కుప్పకూలిపోయాడు. మూతి ఒక పక్కకు వంకరపోయింది. పిలిస్తే పలకలేదు. తలుపు పైగడియ నాకు అందలేదు. పక్కింటి కూలరు హోరులో నా అరుపులు ఎవరికీ వినపడలేదు. మసీదులో నమాజుకు పిలిచే అజాన్ మొదలై ఆగిపోయింది. నానా చెయ్యి చల్లబడుతోందేమోనని మాటిమాటికీ నా చెంపకు ఆనించి చూసుకున్నాను.

చాలాసేపటికి తలుపు దబదబా మోగింది.

"బేటీ, నానా యాడున్నడు? నమాజుకు రాలే!" మసీదులో మొదటి వరుసలో నానా పక్కన నిలబడే కరీం చాచా గొంతు.

"కింద పడ్డడు చాచా, లేస్తలేడు!"

"జర పక్కకు జరుగు బిడ్డా!"

నమాజు నుంచి వచ్చినవాళ్లంతా కలిసి తలుపు విరగ్గొట్టి, నానాను ఆసుపత్రికి మోసుకుపోయారు.

నానా బతికాడు. కాలు మాత్రం ఈడ్చేవాడు. మళ్లీ మసీదుకు బయల్దేరితే అమ్మ భయంతో అడ్డుపడింది. "ఇంట్లనే నమాజు చదువుకో అబ్బాజాన్! అందరితోటి జమాత్‌ల చదివితే సవాబ్, పుణ్యం ఎక్కువని నాకూ తెలుసు, గనీ ఈ కాలుతోనా?"

"సవాబ్ అల్లాకు ఎరుక," అన్నాడు నానా, తీసుకుపోవడానికి వచ్చిన కరీం చాచా భుజం పట్టుకుంటూ. "ఇంట్ల చదివితే, నేను రాలేదని అడిగెటోళ్లెవరు బిడ్డా?"