వన్స్‌మోర్ లేని పద్యం

మా నాయన జమ్మలమడుగులో బడిపంతులు. సెలవులొస్తే నాటకంలో రాజు వేషం కట్టేవాడు. ప్రొద్దుటూరులోనైనా పులివెందులలోనైనా ఆయన పద్యం పాడి రాగం ముగిస్తే జనం "వన్స్‌మోర్" అని అరవాల్సిందే. మా వైపు అది మర్యాద. ఆ కేక వినపడేదాకా ఆయన తర్వాతి మాట ఎత్తుకునేవాడు కాదు. చెయ్యెత్తి అలాగే నిలబడేవాడు, హార్మోనియం శ్రుతి మోగుతూ ఉండేది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఫైళ్లతో పాటు గుమాస్తానైన నన్నూ అక్కడికి తోలారు. కొన్నేళ్లకు అక్కడి పెద్ద కళాభవనంలో జిల్లాల నాటకాలు ఆడించారు. మా నాయన జట్టుకు ఒక మధ్యాహ్నం దొరికింది. అప్పటికే ఆయన గొంతు జీరబోతోంది.

"ఇదే కడసారప్పా. అంత పెద్ద హాల్లో ఒక్క వన్స్‌మోర్ పడితే చాలు, ఇంక వేషం కట్టను" అన్నాడు.

నేను ఆఫీసులోని కోస్తా మిత్రులను వెంటబెట్టుకుని వెళ్లాను. మెత్తని కుర్చీలు, దగ్గడానికి కూడా సిగ్గేసే నిశ్శబ్దం. ఆ చోటు నాకు చూడగానే నచ్చలేదు. అయినా పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నవాడిలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. గొప్పలు పోవడంలో నేనేం తక్కువ తినలేదు.

నాయన మొదటి పద్యం పాడాడు. అంత బాగా పాడగా నేనెప్పుడూ వినలేదు. రాగం ముగించి, చెయ్యెత్తి ఆగాడు. హాల్లో ఎవరూ కదల్లేదు. అక్కడ తెర పడ్డాకే చప్పట్లు కొడతారు. ఆ సంగతి నాకు తెలుసు, ముందుగా ఆయనకు చెప్పాలని మాత్రం తోచలేదు. శ్రుతి మోగుతూనే ఉంది.

"మాట మరిచిపోయినట్టున్నాడు, పాపం" అని పక్కనున్న మిత్రుడు నవ్వాడు.

కేక నా గొంతుదాకా వచ్చింది. వీళ్ల ముందు నామోషీ అనిపించి మింగేశాను. నాయన మెల్లగా చెయ్యి దించి తర్వాతి మాట అందుకున్నాడు. ఆ పైన ఏ పద్యం దగ్గరా ఆగలేదు. గబగబా పాడుకుంటూ పోయాడు.

మర్నాడు పొద్దున ఊరికి పంపడానికి బస్టాండుకు వెళ్లాను. ఎంతసేపటికీ ఆయన నాటకం మాటెత్తలేదు. నాకే ఉండబట్టలేదు.

"నేను శానా వెనకాల కూసున్యా నాయనా. సరిగా ఇనపడల్యా" అన్నాను.

ఆయన సంచి చంకకు తగిలించుకున్నాడు.

"మూడో వరసలో ఉంటివి గదప్పా. నీ తట్టే చూస్తాంటి, నువ్వన్నా అంటావేమోనని" అని బస్సెక్కాడు.