పెద్దబాపు పరిచిన గరుకు బండలు

పెద్దబాపు పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను వేల్పూర్‌లో డ్యూటీలో ఉన్నాను. పొద్దున చాయ్ తాగి, మా ఇంటి వాకిట్లో కొత్తగా పరిచిన బండలకు నీళ్ళు కొడుతూ గుండె పట్టుకొని కూలబడ్డాడట. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. ఆ రోజు నుంచి నేను ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. ఆయనా అంతే, జన్మలో కుదురుగా కూర్చున్న మనిషి కాదు.

మా బాపుకు అన్న. ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో దడ్వాయిగా బస్తాలు తూచి తూచి రిటైరయ్యాడు. బాపు పోయాక మా ఇంటికి పెద్దదిక్కు ఆయనే. మార్కెట్ మానేశాక చేతులు ఊరుకోక, మేస్త్రీలు పనిచేసే చోట నిలబడి చూసి చూసి బండలు పరచడం నేర్చుకున్నాడు. మేస్త్రిని పెడదామంటే వినేవాడు కాదు. "మేస్త్రి పొద్దుమీకి ఆయనింటికి పోతడు. బండ మనింట్ల ఉంటది" అనేవాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు మడమతో నేలను తట్టి చూసేవాడు. మా చెల్లె పెళ్ళిలో, పెళ్ళికొడుకు వాళ్ళందరి ముందు, ఫంక్షన్ హాల్ మెట్టు మీద కూర్చొని వేలితో కొట్టి, "డొల్ల ఉన్నది. కింద సిమెంటు మాలు నిండలే" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మా అమ్మ ఇంట్లోనే పసుపు పొడి చేసి అమ్ముతుంది. వాకిట్లో కూర్చొని జల్లెడ పడుతుంది. పాత బండల మీద పసుపు పడితే ఎంత కడిగినా మరక పోయేది కాదు. అది చూస్తే నాకు చిరాకు. అద్దంలా మెరిసే టైల్స్ వేద్దామని పట్టుబట్టాను.

"నున్నగున్నది వారీ. కాలు నిలవది" అన్నాడు పెద్దబాపు.

"నీకేం తెల్వది పెద్దబాపూ. గుడ్డతోని ఒక్కసారి తుడిస్తే సాఫ్ అయితది."

షాపుకు వెళ్ళి డబ్బాలు దించుకొచ్చింది నేనే. వాటిని ఆయనే పరిచాడు.

నెల తిరగలేదు. పొద్దున మంచుకు తడిసిన టైల్స్ మీద పసుపు పొడి పలచగా పరుచుకొని ఉంది. అమ్మ జల్లెడ పట్టుకొని దిగింది, జారింది, కాలు విరిగింది. చూడవచ్చిన చుట్టాలు, "ఎవడు తెచ్చిండు గీ టైల్స్?" అని అడిగారు. పెద్దబాపు నా వైపు చూడనైనా చూడలేదు. "నేనే తెచ్చిన, నేనే ఏసిన. ఎవల్నేం అనకుండ్రి" అన్నాడు. నేను నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు నిలబడ్డాను. థూ, ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కట్టు విప్పారు. అమ్మ ఇంట్లో నడిచింది, వంట చేసింది. వాకిట్లోకి మాత్రం అడుగు పెట్టలేదు. గడప దాకా వచ్చి, తలుపు పట్టుకొని, మళ్ళీ వెనక్కి తిరిగేది. పసుపు పని ఆగిపోయింది. బయటికి వెళ్ళాలంటే వెనక తలుపే.

అప్పుడు పెద్దబాపు సుత్తె, ఉలి తీశాడు. తాను వేసిన టైల్స్ తానే పగలగొట్టాడు. పాలిష్ లేని షాబాద్ బండలు తెప్పించి ఒక్కొక్కటే పరచసాగాడు. రోజుకు రెండు, ఒక్కోరోజు ఒకటే. నిన్న వేసింది నచ్చక పొద్దున్నే పీకేసేవాడు. ఇల్లంతా ఠంగు ఠంగుమని ఒకటే మోత. ఒక ఆదివారం నాకు ఒళ్ళు మండింది.

"పెద్దబాపూ, జర ఆపరాదు! మేస్త్రిని పిలుస్త, రెండు దినాలల్ల అయిపోతది."

"నా చెయ్యి ఆగితే నా పానం ఆగుతది. నువ్వు లోపలికి పో" అన్నాడు. ఒట్టి కాలితో బండను రుద్ది చూసుకుంటూ, నాకు వినబడేట్టే, "మరదలు నడవాలె. గంతే" అన్నాడు.

పని ముగిసి వారమైనా అమ్మ గడప దాటలేదు. ఆయన ఒక్కసారి కూడా రమ్మనలేదు. నేను బలవంతం చేయబోతే, "గుంజుకొస్తే భయం పోతదా? కాలుకు నమ్మకం కుదరాలె" అని నన్నే కసిరాడు. నీళ్ళు కొడుతూ గడప వైపు ఓసారి చూసి, మళ్ళీ పనిలో పడేవాడు.

ఆ బండల మీదే ఆయన్ను పడుకోబెట్టాం. అమ్మ గడప లోపలి నుంచే ఏడ్చింది. స్నానం పోశాక బండలన్నీ తడిసి నల్లబడ్డాయి. పాడె లేపే వేళయింది. అందరూ నన్ను పిలుస్తుంటే నా కాళ్ళు అమ్మ వైపే పోయాయి. ఆమెకు చెయ్యి చాచాను.

"అమ్మా, గా టైల్స్ తెచ్చింది నేను. పెద్దబాపు వద్దనే అన్నడు."

"నాకు ఎర్కనే. బావ గట్లాంటియి తెస్తడారా?" అంది. నా చెయ్యి పట్టుకోలేదు. "పో, పోయి భుజం పట్టు."

వెళ్ళి భుజం పట్టాను. వెనక్కి చూడొద్దంటారు. గేటు దగ్గర ఆగలేక చూశాను. అమ్మ తలుపు వదిలేసింది. దేన్నీ పట్టుకోకుండా, ఒట్టి కాళ్ళతో, ఆ తడి బండల మీద గబగబా మా వెనకే వస్తోంది.