ఆరకముందే కొలిచిన పాలు

మంగళవారం పొద్దున్న రోలుగుంట నుంచి ఫోను వచ్చింది. పెద్దమ్మ పోయిందని ఆవిడ చిన్నకొడుకు చెప్పాడు. నాలుగు రోజులుగా గంజి కూడా దిగలేదట. తెల్లవారేసరికి ఊపిరి ఆగిపోయిందట. తొంభై దగ్గర పడ్డ మనిషి. నాకు ఏడుపు రాలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. డెబ్భైల చివర్లో నర్సీపట్నానికి దగ్గర్లో ఓ పల్లెలో పాల కేంద్రం పెట్టి, నన్ను గుమస్తాగా వేశారు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఊరంతా ఆవిడని పెద్దమ్మ అనేది, నేనూ అలాగే అన్నాను. భర్త అప్పటికే లేడు. ఎకరం చెరకు, రెండు గేదెలు, ఒక పెయ్యదూడ, బడికి వెళ్ళే ఇద్దరు కొడుకులు. చెరకు కొట్టే రోజుల్లో ఆకు మోపులు నెత్తిన పెట్టుకుని వచ్చేది. మిగతా రోజుల్లో గట్ల మీద గడ్డి కోసేది.

పితికే ముందు గేదె నుదుటి మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. దూడని విడిచి, గేదె పాలు చేపాక మూడు చన్నులే పితికేది. నాలుగోది దూడకి. అది కూడా పితికితే కేంద్రానికి ఇంకో రెండు గ్లాసులు వస్తాయి కదా అని ఒకసారి అన్నాను.

"దాని తల్లి పాలు దానికి మనం ఇవ్వడమేటి బాబూ? అదే మనకిత్తంది" అంది.

ఈనిన గేదె జున్ను వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళేది. ఒంటరిగా వండుకు తినేవాణ్ణని నాకు మాత్రం మిరియాలు, బెల్లం వేసి వండి మరీ పంపేది.

మొదట్లో కేంద్రం ఊరి చివర బడి వరండాలో ఉండేది. తరవాత పెద్దమ్మ ఇంటిని ఆనుకుని ఉన్న పాకలోకి మార్చాం. అక్కడే మొదలైంది. మార్చిన కొద్ది రోజులకే ఆవిడ పక్కింటి కోడలు తెచ్చిన పాలలో లాక్టోమీటరు, చిక్కదనం చూసే గాజుగొట్టం, ఉండాల్సిన గీత దాటి దిగిపోయింది. నీళ్ళు కలిశాయని అందరి ముందే అన్నాను. రెండో రోజూ అదే. మూడో రోజు నుంచి ఆ పిల్ల రాలేదు. ఇంట్లో వాళ్ళు పరువు పోయిందని ఆమెని తిట్టి, గేదెని తుని వైపు బేరగాడికి అమ్మేశారని తరవాత తెలిసింది. నా పని నేను చేశాననుకున్నాను.

చలికాలం వచ్చింది. అన్నాళ్ళూ పెద్దమ్మ గేదెలు వట్టిపోయి ఉన్నాయి, అప్పుడే ఒకటి ఈని పాలకొచ్చింది. ఒక పొద్దున్న పెద్దమ్మ పాలలోనూ లాక్టోమీటరు దిగింది. వెనక పదిమంది వరుసలో ఉన్నారు. వ్యాను వచ్చే వేళ.

"నువ్వు కూడానా పెద్దమ్మా?" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసి, పాలు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు గేదెనే తోలుకొచ్చింది. పాక రాటకి కట్టి, కేంద్రం గిన్నె ఇమ్మని అడిగింది. "నువ్వే కడుగు బాబూ" అంది. కడిగి ఇచ్చాను. అందరి ముందూ పితికి, నురగ తీసి నా చేతికిచ్చింది. లాక్టోమీటరు వేశాను. మళ్ళీ దిగింది.

"ఇప్పుడు నీళ్ళెవులు కలిపారు? గేదే కలిపిందా?"

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. వీధిలో ఎవరిదో చూడి గేదెని చూడడానికి వచ్చిన పశువుల డాక్టరుగారు అక్కడే ఉన్నారు. గిన్నె మీద చెయ్యి పెట్టి, "ఇంకా వేడిగా ఉన్నాయి కదయ్యా! వేడి పాలలో అది దిగుతుంది. ఆరనిచ్చి చూడు" అన్నారు.

గిన్నెని చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి అందరం నిలబడ్డాం. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. ఆరాక లాక్టోమీటరు ఉండాల్సిన చోటే నిలిచింది. దూరం నుంచి వచ్చేవాళ్ళ పాలు దారిలోనే ఆరిపోయేవి. పాకని ఆనుకుని ఉన్న ఆ రెండిళ్ళ పాలే పితికిన వేడి మీద వచ్చేవి. ఈ సంగతి నాకు ట్రైనింగులో చెప్పారు. వ్యాను తొందరలో పట్టించుకోలేదు.

తప్పైపోయింది పెద్దమ్మా అన్నాను.

"నాది సరే. పక్కింటి పిల్ల సంగతేటి? అందరి ముందూ అన్నావు. అందరి ముందే సెప్పాల."

వెళ్ళాను. ఊరు నా వెనకే వచ్చింది. ఆ కోడలు తలుపు సగం తీసి విని, "ఇప్పుడేటి బాబూ, గేదె ఎల్లిపోనాది కదా" అంది. తలుపు వేసుకుంది.

ఆ వారంలోనే పెద్దమ్మ తన పెయ్యదూడని తోలుకెళ్ళి ఆ ఇంటి గుంజకి కట్టేసింది. "గడ్డి నాకు సాలట్లేదు, నువ్వు పెంచుకో" అందట. గడ్డికేమీ కరువు లేదు. మూడేళ్ళు దాటాక ఆ పెయ్య ఈనింది. కోడలు చెంబుతో మళ్ళీ వరుసలో నిలబడ్డ రోజున, వ్యాను తొందరలో నా చెయ్యి లాక్టోమీటరు మీదకి వెళ్ళింది. "ఆరనివ్వండి బాబూ" అంది ఆమె. వరుసంతా ఆగింది. వెనకున్న పెద్దమ్మ ఏమీ ఎరగనట్టు పైటకొంగుతో చెంబు తుడుచుకుంటోంది.

తరవాత ఎన్నో ఊళ్ళలో పనిచేశాను. ఎక్కడికి వెళ్ళినా ముందు చన్నీళ్ళ పళ్ళెం పెట్టించేవాణ్ణి. పైవాళ్ళు అడిగితే రూలు అనేవాణ్ణి. ఆవిడ పేరు ఎప్పుడూ చెప్పలేదు.

ఎనభైల మధ్యలో ఆ ఊరి నుంచి నాకు బదిలీ అయింది. చెప్పి వెళ్దామని పొద్దున్నే వాళ్ళింటికి వెళితే తాళం వేసి ఉంది. బస్సెక్కాను. ఊరు దాటాక, రోడ్డు పక్క గెడ్డ నీళ్ళలో పెద్దమ్మ గేదెలు రెండూ ముక్కులు, కొమ్ములు తప్ప ఏమీ కనబడకుండా మునిగి ఉన్నాయి. ఒడ్డున రాతి మీద ఆవిడ కూర్చుని ఉంది. కిటికీలోంచి పిలిచాను. బస్సు చప్పుడులో వినబడలేదు. వాటిని అదిలించడం లేదు, రమ్మని పిలవడం లేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, వాటంతట అవి లేచేదాకా చూస్తూ కూర్చుంది.