పేరు పెట్టని బ్లాగు

రాయాలని ఉందని ఎవరైనా అంటే ఇప్పటికీ నేను చెప్పేది ఒకటే: ముందు ఒక బ్లాగు పెట్టుకోండి. పత్రికలవాళ్ళ జవాబు కోసం కాచుకోనక్కర్లేదు. రాసింది మర్నాడే ఎవరో ఒకరు చదివి, ఇదిగో ఇక్కడ సాగదీశావంటారు. అలా చేయి తిరుగుతుంది. నాకు ఈ మాట చెప్పినావిడ పేరు మాత్రం అడక్కండి. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

లాలాగూడలో మా చర్చి పాటల బృందంలో ఆమె, నేను ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. బ్లాగు తెరిచి ఇచ్చింది ఆమే. "పేరు గిట్ల పెట్టకు. చుట్టాలు చదివితే నీకే తక్లీఫ్. పేరు లేకుంటే బేఫికర్‌గ రాస్తవ్" అంది. నిజమే, పేరు లేకపోయేసరికి భయం పోయింది. బేగంపేట ఆఫీసుకు మెట్రోలో వెళ్తూ ఫోన్లోనే రాసేదాన్ని. మొదట్లో నా వాక్యాలకు పెళ్ళికూతురికి పెట్టినన్ని నగలుండేవి. ఆమె చదివి, "గింత అలంకారమెందుకే? నాతోని మాట్లాడినట్టు రాయి" అని కామెంటు పెట్టేది. రాయడం అలాగే నేర్చుకున్నాను. ఆ మేలు కాదనను. అదే కదా నా మంట.

అమ్మ పోయాక రాసిన పోస్టు ఒకటుంది. ఆ ఏడాది నాకు ప్రార్థన రాలేదు. ఆదివారం అందరితోపాటు లేచి నిలబడి పెదవులు కదిపేదాన్ని, పాట వచ్చేది కాదు. ఒకరోజు మోండా మార్కెట్‌లో బెండకాయల కొసలు విరిచి చూస్తుంటే కూరగాయలామె కసిరింది. "అన్నీ విరిస్తె ఎవలు కొంటరమ్మా?" నా నోట్లోంచి అమ్మ గొంతే వచ్చింది. "ముదురువి అమ్మితే విరవకేం చేస్తరు?" అమ్మ అచ్చం అలాగే గదమాయించేది. సంచీ పట్టుకుని అక్కడే నవ్వాను, ఏడ్చాను. ఆ ఆదివారం పాడాను. అమ్మ నాకు మిగిలిందంటే ఆ పోస్టులోనే మిగిలింది.

మొన్న కృతజ్ఞతారాధనలో పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పమన్నారు. మాలో ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్తారు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు, రుజువులూ అడగరు. అక్క లేచింది. వాళ్ళమ్మ పోయాక ఏడాదిపాటు పాట రాలేదంది. పక్కనున్న నా చెవులు చిల్లులు పడేలా పాడిన మనిషి! తర్వాత మోండా మార్కెట్ వచ్చింది, బెండకాయలు వచ్చాయి. అన్నీ నా వాక్యాలే, నేను ఆగినచోటల్లా ఆగుతూ. చివర ఒక్కటే మార్చింది. నా నోట వచ్చింది తిట్టు, ఆమె నోట వచ్చింది "స్తోత్రం". చర్చి అంతా కన్నీళ్ళు తుడుచుకుంది. నేను అదే బల్ల మీద కూర్చున్నాను.

గేటు దగ్గర పట్టుకున్నాను. "ఏందక్కా, అది మా అమ్మ గదా?"

"జెర మెల్లగ. నువ్వు రాస్తే ఎంతమంది చదివిన్రు? నేను చెప్తే అందరు ఏడ్చిన్రు. దేవునికే మహిమ గదా, గిట్ల పరేషాన్ అయితవేంది?"

నమ్మించి గొంతు కోసింది. లోపలికి వెళ్ళి అందరికీ చెప్దామంటే, ఒకరి సాక్ష్యం అబద్ధమని నిలబడి అన్నవాళ్ళను మా చర్చిలో నేను చూడలేదు. పైగా బ్లాగు మీద నా పేరే లేదు.

ఆ వారమే పేరు పెట్టాను. పాత పోస్టులన్నిటి పైన, ఇంటిపేరుతో సహా. పాటల బృందంలోని పెద్దావిడ ఒకరు చదివి కింద రాశారు: "ఇది మా సిస్టర్ చెప్పిన సాక్ష్యం. పక్కన కూర్చుని విని రాసేసుకున్నావా? సిగ్గు లేదా అమ్మా?" పోస్టు తేదీ పైనే ఉంది. ఎవరు చూస్తారు?

సాయంత్రానికి ఆ కామెంటు కింద అక్క జవాబు కనిపించింది: "పోనీలెండి ఆంటీ. నేను ఆమెను క్షమించేశాను."