తాళం వేసిన గదిలో నాలుగో తరగతి

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా ఊళ్ళో తిరిగే దెయ్యాల్లో సగం నేను తయారు చేసినవే కావడం అందుకు కారణం.

మాది కొల్లేటికోటకి అవతల, చేపల చెరువుల మధ్య ఉన్న చిన్న లంక గ్రామం. వలలు, తాళ్ళు, చేపల మేత సంచులు అమ్మే దుకాణం నడుపుతాను. కొనడానికి వచ్చినవాళ్ళని ఊరికే పంపడం ఇష్టం లేక ఒక కథ కూడా చెప్పి పంపుతుంటాను. పంపు షెడ్డు దగ్గర కనిపించే తెల్లచీర ఆవిడ నా సృష్టే. కొర్రమీను ఒకటి నా పడవని లాక్కెళ్ళి ఆకివీడు దగ్గర దించిందన్న కథ కూడా నాదే. దాన్ని మా బావమరిది ఇప్పటికీ నమ్ముతాడు.

అందుకని ఇప్పుడు రాసేది మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. ఇందులో మాత్రం నేను కలిపింది ఏమీ లేదు. కలపడానికి ధైర్యం చాలలేదు.

మా ప్రాథమిక పాఠశాల వరద నీళ్ళు అందని దిబ్బ మీద ఉంటుంది. మూడు గదులు, ముందు ఒక పొడుగు వరండా. నేను పేరెంట్స్ కమిటీ చైర్మన్ని. ఈ సంగతి జరిగినప్పుడు మా చిన్నమ్మాయి అక్కడే మూడో తరగతి చదువుతోంది. హెడ్మిస్ట్రెస్ సుభద్ర టీచర్ గారు రోజూ ఏలూరు నుంచి బస్సులో కొంత, ఆటోలో కొంత వచ్చి చదువు చెప్పి వెళ్తారు.

మా బడిలో ఎంతమంది పిల్లలుంటారన్నది చెరువుల్ని బట్టి ఉంటుంది. చెరువు లీజుకి తీసుకున్నవాళ్ళు కాపలాకి, మేత వెయ్యడానికి కుటుంబాల్ని తెచ్చుకుంటారు. ఆ కుటుంబాలు గట్ల మీద పాకలు వేసుకుని ఉంటాయి, వాళ్ళ పిల్లలు మా బడికి వస్తారు. చేపలు పట్టేసి చెరువు ఎండగట్టగానే పాకలు ఖాళీ అవుతాయి. మళ్ళీ లీజులు కుదిరి, నీళ్ళు పెట్టి, చేపపిల్లని వదిలాక గట్లు నిండుతాయి.

ఆ ఏడాది చెరువులు చాలావరకు ఒకే పెద్ద లీజుదారు చేతిలో ఉన్నాయి. ఆయన కుటుంబాల్ని తేలేదు. ఒంటరి మగవాళ్ళని పెట్టి పని కానిచ్చాడు. ఊళ్ళో కాస్త కలిగినవాళ్ళేమో పిల్లల్ని ప్రైవేటు స్కూలు బస్సు ఎక్కించారు. పిల్లలు పలచబడ్డారు. కొల్లేటి వైపున్న చివరి గదికి తాళం వేశాం.

దాని వెనకే విద్యాశాఖ ఆఫీసు నుంచి ప్రతిపాదన వచ్చింది. గదులు మిగిలిపోయాయి కాబట్టి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని రోడ్డు మీది ఊరి బడిలో కలిపేసి, ఖాళీ అయిన గదుల్ని వేరే అవసరానికి ఇచ్చెయ్యాలని దాని సారాంశం.

కాగితం మీద చూస్తే అది సబబుగానే ఉంటుంది. కానీ రోడ్డు మీది ఊరికి పోవాలంటే చెరువు గట్టే దారి. వానాకాలంలో మోకాలి లోతు బురద, రెండు పక్కలా లోతు నీళ్ళు. ఆ గదులు పోతే మా ఊరి ఆడపిల్లల చదువు రెండో తరగతితో ఆగిపోయినట్టే. మా ఆవిడ నాతో ముందే తేల్చి చెప్పేసింది. "ఆ గట్టు మీద పిల్లని నేను పంపనండి. మీరు చైర్మన్ అయితే నాకేంటి?"

నా బుర్ర నాకు తెలిసిన దారిలోనే పనిచేసింది. గదులు చూసి కొలిచే సర్వేకి మనిషి వచ్చే రోజున పక్క లంక నుంచి ఒక పడవెడు పిల్లల్ని తెచ్చి చివరి గదిలో కూర్చోబెడదామనుకున్నాను. ఆ మాట టీచర్ గారికి చాలా గొప్పగా చెప్పాను. ఆవిడ సుద్దముక్క కింద పెట్టారు.

"ఏవండీ చైర్మన్ గారూ, అబద్ధం చెప్పి గది నిలబెట్టుకుంటే, రేపు ఆ గదిలో నిలబడి అబద్ధం ఆడకూడదని నేనెలా చెప్పనండి?"

"మీరేం చెప్పక్కర్లేదండి. చెప్పడం నా పని కదా."

"మీ పని ఊరందరికీ తెలుసండి. అందుకే వద్దంటున్నాను."

నేను మానుకున్నాను. సర్వే రోజున నా పడవ రేవులో కట్టేసే ఉంది. ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, ఊరు ఈ రోజుకీ ఆ పని నేనే చేశానంటుంది.

ఒంటిపూట బడులు మొదలైన రోజులవి. చెరువులన్నీ ఎండగట్టేసి ఉన్నాయి. సర్వేకి తాడేపల్లిగూడెం నుంచి నస్రీన్ గారని ఒక ఇంజనీరు వచ్చారు. నాన్నగారిది అక్కడే టైలరింగ్ షాపట. కొలత తప్పితే గుడ్డ పాడైపోతుందని చిన్నప్పటి నుంచీ విని పెరిగానని టీచర్ గారితో అన్నారు. అంతకు మించి మాట్లాడలేదు. పని అయ్యేదాకా టీ కూడా వద్దన్నారు.

ఉన్న పిల్లలందరూ మొదటి గదిలో, టీచర్ గారి ఎదుట కూర్చుని ఉన్నారు. మధ్య గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. చివరి గది తాళంచెవి నా దుకాణంలో ఉండిపోయింది. తేవడానికి నేను వెళ్ళాను. ఈలోగా ఇంజనీరు గారు టేపు పట్టుకుని, బయటి కొలతలకని, భవనం వెనక్కి ఒక్కరే వెళ్ళారు.

నేను తిరిగి వచ్చేసరికి ఆవిడ వరండాలో ఉన్నారు.

"తాళం అక్కర్లేదండి. క్లాసు జరుగుతోంది కదా, పిల్లల్ని కదపడం ఎందుకు? కొలత బయట నుంచి తీసేశాను."

"ఏ గదండి?"

"చివరిదేనండి. కొల్లేటి వైపు కిటికీ ఉన్నది."

నేను టీచర్ గారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూశారు. ఆ చూపులో భయం లేదు, అనుమానం ఉంది. "నేను కాదండి" అన్నాను. ఎవరూ అడక్కముందే అనేసరికి అనుమానం ఇంకాస్త పెరిగింది.

ఇంజనీరు గారు తను చూసింది మామూలుగానే చెప్పారు. గది నిండా పిల్లలు వరసల్లో కూర్చుని రాసుకుంటున్నారు. కిటికీ పక్కన ఒక పిల్ల ఉంది. కుడి చేతికి సిమెంటు కట్టు. పేరడిగితే లలిత అంది, నాలుగో తరగతి అంది. తర్వాత ఆ పిల్లే అడిగిందట, "గది కొలుస్తున్నారాండి? మా అందరికీ సరిపోద్దాండి?" అని. సరిపోతుందమ్మా అని చెప్పి ఈవిడ వచ్చేశారు.

మా బడిలో నాలుగో తరగతికి లలిత అనే పిల్ల లేదు. చేతికి కట్టున్న పిల్ల ఏ తరగతిలోనూ లేదు.

తాళం తుప్పు పట్టి ఉంది, నాలుగైదుసార్లు తిప్పితే గాని రాలేదు. లోపల కాలు విరిగిన బల్ల ఒకటి, గోడవార పావురాల రెట్ట, నేలంతా దుమ్ము. దుమ్ము మీద అడుగుల గుర్తులు లేవు. ఆ గదికి ఇంకో తలుపు లేదు, కిటికీకి ఇనప ఊచలు. నేను బయటకి వెళ్ళి కూడా చూశాను. బోరింగు నీళ్ళు పారి కిటికీ కింద నేల తడిగా ఉంటుంది. అక్కడ ఇంజనీరు గారి చెప్పుల గుర్తులు తప్ప మరేమీ లేవు.

ఆవిడ లోపలికి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. చుట్టేసిన టేపునే మళ్ళీ లాగి మళ్ళీ చుట్టారు.

"మీరు కథలు చెబుతారని ఆటో అతను దారిలోనే చెప్పాడండి. ఇది మీ పనేనా?"

"నా పనయితే ఈపాటికి ఒప్పుకునేవాణ్ణండి. ఇంత బాగా కుదిరినదాన్ని ఎవరు వదులుకుంటారు?"

ఆవిడ నవ్వలేదు. టీచర్ గారు మంచినీళ్ళు ఇచ్చి, ఏం రాస్తారని అడిగారు.

"ఖాళీ అనే రాస్తానండి. తాళం తీస్తే ఖాళీగానే ఉంది కదా."

నా ప్రాణం ఉసూరుమంది. మా చిన్నమ్మాయి మొదటి గది గుమ్మంలోంచి నన్నే చూస్తోంది.

అప్పుడు ఇంజనీరు గారు, అసలు మీ బడికి పిల్లలు ఎక్కడ నుంచి వస్తారండీ అని అడిగారు. టీచర్ గారు ఆవిడని గట్టు మీదికి తీసుకెళ్ళి చూపించారు. నెర్రెలిచ్చిన చెరువులు, తడికలు ఊడిన పాకలు. ఏటా పిల్లల లెక్క తీసేది చెరువులు ఎండగట్టిన రోజుల్లోనే. పైగా ఈసారి కుటుంబాలే రాని ఏడాది. గట్ల మీద మనుషులే లేని కాలంలో లెక్క తీసి గదులు మిగిలాయంటున్నారు. అది ఆఫీసుకి ఎవరూ చెప్పలేదు. మాకంత తెలిసిన విషయం కాబట్టి చెప్పాలని మాకూ తోచలేదు.

ఇంజనీరు గారు గట్టు మీదే నిలబడి రిపోర్టు రాశారు. చివరి గది ఖాళీ. కానీ లెక్క తీసిన కాలం సరైంది కాదు, చెరువుల్లో చేపపిల్ల వదిలాక మళ్ళీ లెక్క తియ్యాలి, అప్పటిదాకా గదులు ఎవరికీ అప్పగించకూడదు.

ఆటో ఎక్కుతూ టీచర్ గారితో ఒక మాట అన్నారు. "ఎవరో తెలియదు గాని, సరిపోతుందని ఆ పిల్లకి చెప్పానండి."

ఆ వేసవిలో పెద్ద లీజుదారు చెరువులు వదిలేసుకున్నాడు. ఉంగుటూరు వైపు రైతులు, మా ఊరివాళ్ళు చిన్న చిన్నగా పంచుకున్నారు. వానలు పడేనాటికి గట్ల మీద కుటుంబాలు దిగడం మొదలైంది. టీచర్ గారూ నేనూ పడవలో పాకపాకకీ తిరిగాం. ఆవిడ తల్లులతో చదువు గురించి మాట్లాడేవారు. నేను పిల్లలతో, మా బడి వెనక చెరువులో ఎక్కాలు చెప్పే బొమ్మిడాయం చేప ఉందని చెప్పేవాణ్ణి. చూడ్డానికొచ్చి చేరిపోయినవాళ్ళున్నారు. ఈ ఒక్క అబద్ధానికి టీచర్ గారు అడ్డు చెప్పలేదు.

చివరి గది కడిగించి సున్నం వేయించాం. మా చిన్నమ్మాయి నాలుగో తరగతి అందులోనే మొదలుపెట్టింది.

బడి బాగా నడుస్తున్న రోజుల్లో ఒక కొత్త మనిషి కూతుర్ని చేర్చడానికి వచ్చాడు. అంతకుముందు చింతలపూడి దగ్గర పామాయిల్ తోటల్లో పనిచేసేవాడట. పిల్ల కుడి చేతికి సిమెంటు కట్టు ఉంది. సామాను దించుతుంటే గట్టు మీంచి జారిందని చెప్పాడు. టీచర్ గారు పేరడిగారు. లలిత అండి, నాలుగు అండి అంది పిల్ల. టీచర్ గారి పెన్ను ఆగిపోయింది.

గదిలో మధ్యన చోటుంది. ఆ పిల్ల అక్కడ కూర్చోకుండా తిన్నగా కిటికీ పక్కకి వెళ్ళింది. అక్కడే ఎందుకమ్మా అని అడిగాను. కట్టు లోపల దురద పెడుతోందండి, ఇక్కడైతే గాలొస్తది అంది.

తండ్రిని బయటికి తీసుకెళ్ళి అడిగాను. ఇంతకుముందు ఈ వైపు ఎప్పుడైనా వచ్చారా? లేదండి, కొల్లేరు చూడ్డం ఇదే మొదలండి అన్నాడు. ఎండాకాలంలో పిల్ల చేతికేమైనా అయిందా? ఏమీ లేదండి, చెట్లెక్కి తిరిగిందండి అన్నాడు. ఎందుకడుగుతున్నానో అతనికి అర్థం కాలేదు.

లెక్క మళ్ళీ తియ్యడానికి ఇంజనీరు గారు వస్తున్నారని తెలిసింది. ముందుగా ఫోన్ చేసి లలిత సంగతి చెబుదామన్నాను. "చెప్పొద్దండి" అన్నారు టీచర్ గారు. "మీ నోట పడితే అది మీ కథ అయిపోద్ది."

ఆవిడ వచ్చి, ముందు సారిలాగే టేపు పట్టుకుని వెనక్కి వెళ్ళారు. నేను దూరంగా గోడ మలుపులో నిలబడ్డాను. లోపల నుంచి పిల్ల తల ఎత్తింది. ఇంజనీరు గారిని అది ఎరగదు, ఆ సంగతి ముఖంలోనే తెలుస్తోంది.

"గది కొలుస్తున్నారాండి? మా అందరికీ సరిపోద్దాండి?"

ఆవిడ టేపు వదిలేసి కిటికీ ఊచ పట్టుకున్నారు. తర్వాత, సరిపోతుందమ్మా అన్నారు. వరండాలోకి వచ్చి కూర్చుని, తనే టీ అడిగి తెప్పించుకున్నారు. తాగడం అయ్యాక ఒక్క మాట అన్నారు. "కట్టు ఆ చేతికేనండి."

మూడు గదులూ వాడుకలో ఉన్నాయని రిపోర్టు వెళ్ళింది, ప్రతిపాదన ఆగిపోయింది. ఇప్పుడు చోటు చాలక మూడో తరగతి వరండాలో నడుస్తోంది. ఒకప్పుడు గదులు తీసేసుకుంటామన్న ఆఫీసుకి నాలుగో గది కావాలని అర్జీ పెట్టి వచ్చిన చైర్మన్ని నేను. ఆ రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళానని మా ఆవిడ ఇప్పటికీ ఆట పట్టిస్తుంది.

ఊళ్ళో మాత్రం అందరూ నన్నే మెచ్చుకుంటారు. పడవలో పిల్లల్ని భలే తెచ్చావంటారు. తేలేదంటే నవ్వుతారు. "ఇన్నాళ్ళూ చెయ్యనివన్నీ చేశానన్నాడు, చేసిందొక్కటీ చెయ్యలేదంటాడేంట్రా" అని మా బావమరిది నలుగురిలో అన్నాడు. కొర్రమీనుని నమ్మినవాడు దీన్ని నమ్మడు.

నాకు చేతనైన కారణాలన్నీ వెతికాను. ఎండకి అద్దం మెరిసి మొదటి గది పిల్లలే కనిపించారనుకుందామంటే ఆ కిటికీకి అద్దాలు లేవు. మొదటి గదిలోంచి మాటలు వినిపించాయనుకుంటే పేరెక్కడిది, కట్టెక్కడిది? చచ్చినవాళ్ళు కనబడ్డారని చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను. ఇంకా ఊళ్ళోకే రాని పిల్లలు, బతికున్నవాళ్ళు, ముందుగా వచ్చి కూర్చోవడం నేను వినలేదు, కల్పించనూ లేదు.

మొన్న వేసవి సెలవుల చివర్లో చెరువులు మళ్ళీ ఎండి ఉన్నాయి. లీజులు ఎవరికి కుదురుతాయో తెలియడం లేదు. మిట్టమధ్యాహ్నం ఒక్కణ్ణే భవనం వెనక్కి వెళ్ళి ఆ కిటికీలోంచి తొంగి చూశాను. ఏదైనా కనబడితే బాగుండునని నా జీవితంలో అదే మొదటిసారి అనుకోవడం. బల్లలు, దుమ్ము, అంతే. నా కంటికి కనబడలేదా, రాబోయేవాళ్ళే లేరా అన్నది తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

గట్ల మీద ఎవరైనా దిగారేమో చూద్దామని టీచర్ గారు రేవులో ఎదురు చూస్తున్నారు. చూసిన సంగతి ఆవిడకి చెప్పలేదు. పడవ తాడు విప్పాను. కాలువ అవతల, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న పాక మీంచి పొగ లేస్తోంది. పడవని అటు తిప్పాను.